ఉలవల డబ్బా

మా యానాంలో మంగళవారం సంత పేరున్నది. ఫ్రెంచివారి ఏలుబడిలో సీమసరుకు చవగ్గా దొరుకుతుందని చుట్టుపక్కల ఇంగ్లీషువారి గ్రామాల నుంచి జనం ఈ సంతకు విరగబడి వచ్చేవారని మా పెద్దలు చెప్పుకునేవారు. ఆ వైభవం పోయినా మంగళవారం మిగిలింది. ఈమధ్య ఒక మంగళవారం నేను కూరల సంచీ పట్టుకుని ఇంటికి వస్తుంటే మా వీధి చివరింటి కుర్రాడు దారికి అడ్డం వచ్చాడు.

"తాతగారూ, మీరు నలభై ఏళ్ళు స్టూడియో నడిపారు కదండీ. నా గుర్రం ఫొటో ఎవరి కంటికీ ఎందుకు ఆనట్లేదో కాస్త చూసి చెప్పండి."

వాడికొక తెల్ల గుర్రం ఉంది. పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిస్తాడు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం కుదిరింది. గుర్రాన్ని వెంట తీసుకుపోలేడు, ఇక్కడ చూసుకునే దిక్కూ లేదు. అమ్మేద్దామని ఫోనులో ప్రకటన పెట్టి మూడు వారాలైందట, ఒక్కరూ పలకలేదట. అదే ధరకు పెట్టిన వేరేవాళ్ళ గుర్రాలు రెండ్రోజుల్లో పోతున్నాయట.

ఫోను అందుకుని చూశాను. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటో. పొట్ట కింద నల్లటి నీడ. వీపు మీద పెళ్ళి జీను, మెడలో పూసల దండలు. వెనక మోటారుసైకిలు, ఆరేసిన బట్టలు. దగ్గరగా నిలబడి తీయడం వల్ల తల కాగంత, వెనక భాగం పిల్లంత. ఒక చెవి ముందుకు, ఒక చెవి వెనక్కి. గిట్టలు అసలు పడనే లేదు.

"నువ్వు గుర్రాన్ని తియ్యలేదురా, గుర్రం ఉన్న చోటుని తీశావు" అన్నాను.

కొనేవాడి కన్ను ఎలా పనిచేస్తుందో నలభై ఏళ్ళలో కొంత తెలిసింది. పాఠకుల్లో గుర్రాలు అమ్మేవారు ఎక్కువమంది ఉండరు గాని, ఎద్దునో ఇంటినో పెళ్ళికెదిగిన బిడ్డనో ఫొటోలో చూపించాల్సిన అవసరం ఎవరికైనా వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

కన్ను మొదట వెతికేది ఆకారాన్ని. గుర్రం పక్క నుంచి, చెవి కొస మొదలు గిట్ట అంచు దాకా నిండుగా పడాలి. వెనక ఏమీ ఉండకూడదు, ఉన్నా గుర్రం రంగులో కలిసిపోకూడదు. తెల్లగుర్రాన్ని సున్నం గోడ ముందు నిలబెడితే గోడే మిగులుతుంది. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. తీసేవాడు మోకాలి మీద కూర్చుని, కెమెరాను గుర్రం డొక్క ఎత్తుకు తేవాలి. నిలబడి తీస్తే కాళ్ళు పొట్టివైపోతాయి. దూరంగా జరిగి పొడుగు లెన్సుతో తీస్తే తలా వెనకభాగం వాటి వాటి కొలతల్లో ఉంటాయి. మనవైపు ముందుకాలు నిట్టనిలువుగా ఉండాలి. వెనక కాళ్ళు ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా కాస్త ఎడంగా ఉంటే నాలుగు కాళ్ళూ లెక్కకు వస్తాయి. ఉదయపు ఎండో సాయంత్రపు ఎండో మన వీపు మీద పడుతుండాలి. తెల్లగుర్రమైతే కెమెరా దాన్ని చూసి మోసపోయి బూడిదరంగు చేసేస్తుంది, కనుక కొంచెం ఎక్కువ వెలుగు ఇవ్వాలి. నల్లదైతే దీనికి తిరకాసు. జీనూ దండలూ తీసెయ్యాలి. అలంకారం పెళ్ళికి వచ్చినవాళ్ళను ఆకట్టుకుంటుంది గాని కొనేవాడికి అనుమానం పుట్టిస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, చెవులు ఒక ఎత్తు. రెండు చెవులూ ముందుకు నిక్కి, మెడ కాస్త లేచిందంటే గుర్రానికి ప్రాణం వచ్చినట్టే. చూసేవాడికి ఆ గుర్రం తననే చూస్తున్నట్టుంటుంది. ఆ క్షణాన్ని రప్పించడానికి ఒకే ఉపాయం. మనిషిని గుర్రానికి ఎదురుగా నిలబెట్టి డబ్బాలో ఉలవలు గలగల్లాడించడం. ఆ చప్పుడు వినగానే చెవులు లేస్తాయి. అప్పుడు నొక్కాలి.

కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. "రేపు పొద్దున్న వచ్చి మీరే తీద్దురూ" అన్నాడు. సరేనన్నాను. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి గొంతు తగ్గించాడు.

"అన్నట్టు తాతగారూ, దీనికి కుడి కంటి కింద సుడి ఉందండీ. ఎడం వైపు నుంచి తీసెయ్యండి, చాలు."

కూరల సంచీ బరువు ఒక్కసారిగా తెలిసొచ్చింది నాకు. ఎడం వైపు నుంచి తియ్యమన్న మాట నేను పూర్వం ఒకసారి విన్నాను.

1994లో సంగతి. అప్పటికి ఆటోలు వచ్చి జట్కాలు ఒక్కొక్కటీ మూలపడుతున్నాయి. మా స్టూడియో ఎదురుగా నిలబడే జట్కా ముసలాయన ఒకరోజు తన ఎర్ర ఆడగుర్రాన్ని తోలుకొచ్చి, "ఆయ్, బాబుగారండీ, దీని ఫొటో తీసిపెట్టండి. విశాఖపట్నంలో ఒకాయనకి గుర్రం కావాలంటండి. ఫొటో పంపమని ఉత్తరం రాశాడండి" అన్నాడు. నుదుట తెల్లటి చుక్క, పొడుగాటి జూలు, చూడముచ్చటగా ఉండేది. అయితే కుడి ముందుగిట్టకు బయటి వైపు పాత పగులు ఉంది. గట్టి నేల మీద నాలుగు అడుగులు వేసేసరికి ఆ కాలు మీద భారం ఆనించకుండా తప్పించుకునేది. మెత్తటి నేల మీద నిలబడితే ఏమీ తెలిసేది కాదు.

"ఎడం వైపు నుంచి తియ్యండి బాబుగారండీ" అన్నాడు ముసలాయన. ఆయన మొహం చూసి జాలేసింది. కూతురి పెళ్ళి చేయాలి, బండి నడవడం లేదు. గోదావరి గట్టు మీదికి తీసుకెళ్ళి, గిట్టలు మునిగేలా గడ్డిలో నిలబెట్టి, ఎడం వైపు నుంచి తీశాను. ఉలవలు గలగల్లాడాయి, చెవులు లేచాయి. నా జీవితంలో తీసిన మంచి ఫొటోల్లో అదొకటి. ఇప్పటికీ ఆ మాట అనడానికి నాకు సిగ్గులేదు, అదే నాకున్న చిక్కు.

బేరం ఉత్తరాల మీదే తెగింది. ఆయన లారీ ఇచ్చి మనిషిని పంపించాడు. రాత్రివేళ మెత్తటి మట్టిలో నిలబడి ఉన్న గుర్రాన్ని ఎక్కించుకుని పోయారు. ముసలాయన ఇంట పెళ్ళి జరిగింది. నేనూ భోజనానికి వెళ్ళాను.

రెండేళ్ళ తర్వాత బంధువుల పెళ్ళికి విశాఖ వెళ్ళి, సాయంత్రం సముద్రపొడ్డున నడుస్తుంటే ఒక బోర్డు కనిపించింది. పెళ్ళిళ్ళకు గుర్రపు బండి అద్దెకు ఇవ్వబడును అని రాసి, కింద ఫొటో పెద్దది చేయించి అంటించారు. నా ఫొటోయే. ఆ బోర్డు పక్కనే ఆ గుర్రం నిలబడి ఉంది. నుదుటి చుక్క చూడకపోతే గుర్తుపట్టేవాణ్ణి కాదు. డొక్కలు లెక్కపెట్టవచ్చు. కుడి ముందుకాలి మీద బరువు ఆనించడం మానేసి చాలాకాలమై ఉండాలి, భుజం దగ్గర కండ కరిగిపోయింది.

యజమానితో మాట కలిపాను. ఫొటో తీసినవాణ్ణి నేనేనని చెబితే ఎంతో సంతోషించాడు. "ఫొటో చూసే కొన్నాను బాబూ. ఏటి చెవులు, ఏటి నిలబడ్డం! కాని ఈ గుర్రం ఒట్టి మొండిది. బండికి కడితే నడవదు. దెబ్బ తింటేగాని కదలదు" అన్నాడు. మనిషి దుర్మార్గుడు కాడు. గుర్రానికి మేత పెట్టే చేతులే అవి. అప్పుడు చెప్పాను, ఆ గిట్టకు పగులు పాతదని, యానాంలో ఉన్ననాడే ఉందని. ఆయన చాలాసేపు గిట్ట వంక చూశాడు. నన్ను ఒక్కమాట అనలేదు. "ముందే తెలిసుంటే తారురోడ్డు మీద బండికి కట్టకపోదును కదా బాబూ. ఇసకలోనే తిప్పుకుందును" అన్నాడు, అంతే.

ఆయన తిడితే బాగుండేదనిపించింది. డబ్బు వాపసు అడిగినా బాగుండేది. లెక్క ఆయనకూ మాకూ మధ్య తేలిపోయేది. ఆయన చెప్పిన మాటలో మాత్రం ఆయన నష్టమేమీ లేదు. రెండేళ్ళుగా దెబ్బలు తిన్నది వేరే ఉంది. దాని తరఫున అడిగేవాళ్ళు లేరు.

ఇన్నేళ్ళుగా నన్ను నేను సమర్థించుకోవడానికి వెతకని దారి లేదు. నేను లేనిది ఏమీ చూపించలేదు కదా. ఎడం వైపు కూడా ఆ గుర్రందే. ఎవరైనా నలుగురిలోకి వెళ్ళేటప్పుడు చిరుగు లేని చొక్కాయే తొడుక్కుంటారు గదా. ఇల్లు అమ్మేవాడు వెల్ల వేయిస్తాడు, పళ్ళమ్మే ఆమె మచ్చ ఉన్నదాన్ని అడుగున పెడుతుంది. చూసి కొనుక్కోవలసిన బాధ్యత కొనేవాడిది. పైగా కెమెరా ఉన్నదున్నట్టు చూపిస్తుందని పేరు.

ఈ పేరు కూడా గుర్రం పుణ్యమే. ఎన్నో ఏళ్ళపాటు యూరపులో చిత్రకారులు పరుగెత్తే గుర్రాన్ని ముందుకాళ్ళు ముందుకీ వెనక కాళ్ళు వెనక్కీ బారచాచి గాలిలో తేలుతున్నట్టు గీసేవారు. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జి అనే ఫొటోగ్రాఫరు వరసగా కెమెరాలు నిలిపి, పరుగెత్తే గుర్రాన్ని ముక్కలు ముక్కలుగా తీశాడు. నాలుగు కాళ్ళూ నేల వదిలే క్షణం నిజంగానే ఉంది. అయితే అప్పుడు కాళ్ళు చాచుకుని ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. పెద్ద పెద్ద చిత్రకారులు చేసిన పొరపాటును ఒక యంత్రం దిద్దింది. దీనికి ఫ్రాన్సు శిల్పి రోదా ఒప్పుకోలేదు. కాలం ఎక్కడా ఆగదు గనక, ఆగినట్టు చూపించే ఫొటోదే అబద్ధమనీ, కళాకారుడిదే నిజమనీ ఆయన వాదం.

నా అనుభవం ఇద్దరి మాటకూ సాక్ష్యం చెబుతుంది. ఆ రోజు గోదావరి గట్టున సెకనులో 125వ వంతు సేపు ఆ గుర్రం కుంటిది కాదు. నా ఫొటో అంతవరకే నిజం. ఆ కాస్త నిజాన్ని పట్టుకుని ఒక మనిషి దాన్ని తన రెండేళ్ళ మీద పరిచాడు. అతడు అలా పరుస్తాడని నాకు తెలుసు. అందుకే గదా గడ్డిలో నిలబెట్టాను.

గుర్రాన్ని దూరాన్నుంచి చూపించి మోసం చేసిన కథ మనకు కొత్తది కాదు. మా ఊరికి ఎగువన ఇదే గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో నన్నయగారు 11వ శతాబ్దంలో తెలుగు చేసిన ఆదిపర్వంలోనే ఉంది. కద్రువ, వినత ఉచ్చైశ్రవాన్ని చూశారు. గుర్రమంతా తెలుపేనంది వినత. తోకలో నలుపుందని కద్రువ. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు దాస్యం చెయ్యాలని పందెం. దగ్గరకు వెళ్ళి చూసేది మర్నాటికి వాయిదా పడింది. ఆ రాత్రి కద్రువ తన కొడుకులైన పాములను పిలిచి తోకను నల్లగా కనిపించేట్టు చెయ్యమంది. అధర్మమని చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాళ్ళు జనమేజయుడి సర్పయాగంలో మాడిపోవాలని శపించింది. భయపడి కర్కోటకుడు వెళ్ళి తోకకు వేలాడాడు. మర్నాడు వినత చూసింది, నలుపు కనిపించింది, దాసి అయిపోయింది. ఆమె తోకను ముట్టుకుని చూసినట్టు కథలో లేదు.

చిన్నప్పుడు ఈ కథలో నాకు కద్రువ మీద కోపం, వినత మీద జాలి ఉండేవి. ఇప్పుడు కర్కోటకుడి మీదికే దృష్టి పోతుంది. పందెం అతనిది కాదు, లాభం అతనిది కాదు. అమ్మ మాట కాదనలేక వేలాడాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బొమ్మ తీసే నాబోటివాడి స్థానం సరిగ్గా అదే. జట్కా ముసలాయన మీద జాలితో వేలాడానన్నది నా సాకు. జాలి మంచిదే. కాని నేను ఎవరి వైపు జాలి చూపించానో, దాని ఖర్చు ఎవరి మీద వేశానో ఆ రోజు ఆలోచించలేదు.

ఇక్కడే నాకు అసలు సంగతి తట్టింది. మనం అమ్మకంలో న్యాయాన్ని ఎప్పుడూ ఇద్దరి మధ్య తూస్తాం. అమ్మినవాడు నిజం చెప్పాడా, కొన్నవాడు జాగ్రత్తగా చూశాడా. మూడో ప్రాణి ఒకటి తక్కెడ దగ్గరే నిలబడి ఉంటుంది. అది బొమ్మలో ఉన్న ప్రాణి. బొమ్మ చెప్పిన అబద్ధాన్ని బతికి చూపించాల్సిన బరువు దాని మీద పడుతుంది.

చరిత్రలో గుర్రాల వ్యాపారం చూసినా ఇదే. అరబ్బు దేశాల గుర్రాలు మన తీరాలకు ఓడల్లో వచ్చేవి. 13వ శతాబ్దం చివర మన తూర్పుతీరానికి వచ్చిన మార్కోపోలో తమిళదేశపు రాజుల గురించి రాస్తూ, ఏటేటా వేలకొద్దీ గుర్రాలు కొంటారనీ, సాకడం తెలియక అవి చచ్చిపోతుంటాయనీ, గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళను వర్తకులు ఇక్కడికి రానివ్వరనీ చెప్పాడు. కొన్నవాడికి తెలియకపోవడమే అమ్మేవాడికి ఆస్తి. మళ్ళీ కొంటాడు గదా. రాజుకు డబ్బే పోయింది. ప్రాణం గుర్రానిది పోయింది. విజయనగరంలో ఇంకో చిత్రం. 15వ శతాబ్దంలో సాళువ నరసింహరాయలు గుర్రాల కోసం ఎంత ఆరాటపడ్డాడంటే, సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా బతికున్నదానితో సమానంగా వెల ఇచ్చేవాడని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాశాడు. వర్తకులు జంకకుండా సరుకు తెచ్చేందుకు ఆయన పన్నిన తెలివైన పద్ధతే కావచ్చు. కాని ఆ తోకను నేను మరచిపోలేను. గుర్రం మీద ఖర్చు పెట్టడానికి దాని ఆనవాలు చాలు, గుర్రం బతికుండనక్కర లేదు.

గుర్రాల గోల మనకెందుకు అనుకునే పాఠకులకు ఇంకొక విషయం చెప్పాలి. దీన్ని చెప్పడం గుర్రం కథ కన్నా కష్టం.

స్టూడియోలో నాకు ఎక్కువ రాబడి పెళ్ళిచూపుల ఫొటోల మీద వచ్చేది. నెగటివ్ మీద పెన్సిలుతో మచ్చలు కప్పడం ఆ రోజుల్లో ప్రతి స్టూడియోలోనూ ఉన్న పనే. ప్రింటు వేసేటప్పుడు మొహం పడే చోట అట్టముక్క అడ్డం పెట్టి వెలుగు కాస్త తగ్గిస్తే రంగు తేలుతుంది. చామనఛాయ పిల్లలను పచ్చగా చేసేవాణ్ణి. తండ్రులు సంతోషించేవారు. నేనూ పుణ్యం చేస్తున్నాననుకునేవాణ్ణి. ఒక సంబంధం బయటి రాష్ట్రం నుంచి వచ్చింది. ఫొటో చూసి ముచ్చటపడి, సెలవు దొరకక పెళ్ళిచూపులు పైపైన కానిచ్చేసి, పెళ్ళి చేసుకుపోయారు. కొన్నేళ్ళకు ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడు స్టూడియోకు వచ్చి బిడ్డ ఫొటో తీయించుకుంది. డబ్బులిస్తూ, "బాబాయిగారూ, మా పాపది ఉన్న రంగే పడనివ్వండి. నా ఫొటో ఇప్పటికీ మా అత్తగారి బీరువాలో ఉంది. ఏదైనా మాట వచ్చినప్పుడల్లా తీసి నా పక్కన పెట్టి చూస్తారు" అంది. నవ్వుతూనే అంది.

రంగు తక్కువ కావడం తప్పు కాదు. నేను దాన్ని దాచి తప్పు చేశాను. దాచకముందు అది మొహంలో ఒక ఛాయ. దాచాక మోసానికి రుజువు అయింది. ఆ రుజువును ఆ పిల్ల రోజూ మొహాన మోసుకు తిరగాల్సి వచ్చింది.

ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి తెలుగు గడ్డకు బయట ఉన్నవాళ్ళం. మా యానాం నాలుగు వైపులా ఆంధ్రదేశమే అయినా మా ఓటు, మా కాగితాలు 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరివి. హోసూరులో, చెన్నైలో, ఇంకా దూరాన ఉన్నవారి సంగతి చెప్పనక్కర లేదు. దూరాన ఉన్నవాడు అన్నీ బొమ్మలోనే కొంటాడు. ఊళ్ళో స్థలం బొమ్మలో, కోడలు బొమ్మలో, చివరికి విడిచి వచ్చిన ఊరిని కూడా క్యాలెండరు మీది కొబ్బరిచెట్ల బొమ్మలోనే చూసుకుంటాడు. అందుచేత దూరాన ఉన్నవాడి కన్ను తొందరగా మురుస్తుంది. ముట్టుకు చూసే అవకాశం లేనివాడికి మురిపెమే ఆధారం. అలాంటి కంటికి బొమ్మ చూపించేవాడు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలని నాకనిపిస్తుంది.

ఆకట్టుకోవడం తప్పని నేను చెప్పబోవడం లేదు. గుర్రాన్ని కడిగి, దువ్వి, మంచి వెలుగులో నిలబెట్టడం దానికిచ్చే మర్యాద. మిట్టమధ్యాహ్నం మోటారుసైకిలు పక్కన నిలబెట్టి తీసిన ఫొటో నిజాయితీ కలది అయిపోదు. అది కూడా ఆ గుర్రానికి చేసిన అన్యాయమే. కన్ను ఆగితేగాని మనసు విచారించదు. ఆగిన కన్నుకు ఆ తర్వాత దారి ఉంచామా, మూసేశామా అన్నదే ప్రశ్న. దీనికి నేను పెట్టుకున్న పరీక్ష చిన్నది. కొన్నవాడు ఆ ప్రాణిని ఇంటికి తెచ్చుకున్న మూడో నెల మళ్ళీ ఈ ఫొటో తీసి చూసుకుంటే, పక్కనున్న ప్రాణిని ఎలా చూస్తాడు? ముద్దుగా చూస్తే అది మంచి ఫొటో. కసిగా చూస్తే నేను కర్కోటకుణ్ణి.

మర్నాడు పొద్దున్న కుర్రాడి గుర్రం దగ్గరకు వెళ్ళాను. ముందుగా సుడి సంగతి తేలాలి.

గుర్రాలకు సుడులు చూడటం మనవాళ్ళలో పాతకాలం నుంచీ ఉంది. మనుమంచి భట్టు లాంటివారు అశ్వశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లో రాశారు కూడా. కంటి కింద సుడి కన్నీటికి గుర్తనీ, ఆ గుర్రం ఉన్న ఇంట ఏడుపు తప్పదనీ ఒక నమ్మకం. నాకు ఇందులో నమ్మకం లేదు. వెంట్రుకలు తిరిగిన తీరుకు ఇంటివాళ్ళ కన్నీళ్ళకు సంబంధమేమిటి?

కుర్రాడు సరిగ్గా ఆ తీగే పట్టుకుని లాగాడు. "గిట్ట పగులైతే చెప్పాల్సిందే తాతగారూ. సుడి వల్ల ఎవరికీ ఏమీ కాదని మీరే అంటున్నారు. కానిదాన్ని ఎందుకు చూపించడం? చూపిస్తే మూఢనమ్మకాన్ని మనమే పెంచినట్టు కాదా?"

మంచి ప్రశ్న. నేను కొంతసేపు జవాబు చెప్పలేకపోయాను. గుర్రం నోరు నా భుజానికి ఆనించి వాసన చూస్తోంది.

చివరికి అన్నాను. "నీకూ నాకూ సుడి ఏమీ కాదురా. నమ్మకం ఉన్నవాడి ఇంటికి ఇది వెళ్ళిందనుకో. వారం రోజులకు కడుగుతూంటే సుడి కనిపిస్తుంది. ఆ తర్వాత వాళ్ళింట ఎవరికి జ్వరం వచ్చినా దీని మీదికే వస్తుంది. మేత తగ్గుతుంది. ఎంతకో అంతకు తెగనమ్ముతారు. చేతులు మారినకొద్దీ దీని బతుకు దిగజారుతుంది. ముందే చూపించావనుకో, నమ్మకం ఉన్నవాడు రాడు. లేనివాడే వస్తాడు. నీకు కావలసింది వాడే కదా."

"ధర తగ్గుతుందండీ."

"తగ్గుతుంది."

అంతకన్నా వాణ్ణి ఓదార్చే మాట నా దగ్గర లేదు. నిజం చెప్పినవాడికి లాభం వచ్చే తీరుతుందని చెప్పడం కూడా ఒకరకం ఎడం వైపు ఫొటోయే. జట్కా ముసలాయనకు ఆ రోజు నిజం చెప్పి ఉంటే కూతురి పెళ్ళి ఆగిపోయేదేమో. ఆ బరువు నిజమైనదే. కాని దాన్ని మోయవలసింది మనుషులం, ఆ రోజు ఆయనా నేనూ ఆయన బంధువులూ. నోరు లేనిదాని కాలి మీద పెట్టి పంపించాం.

కుర్రాడు కొంతసేపు నేల వంక చూసి, "సరే, తియ్యండి" అన్నాడు.

జీను విప్పాం. గట్టునేల మీద నిలబెట్టాం. నాకిప్పుడు మోకాలి మీద కూర్చోవడం కష్టం. పీట వేసుకున్నాను. ఎడం వైపు నుంచి ఒకటి, కుడి వైపు నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి తీశాను. నాలుగు గిట్టలూ విడివిడిగా తీశాను. సుడిని దగ్గరగా తీశాను, దాచినట్టూ కాకుండా ఎత్తిచూపినట్టూ కాకుండా. నడిపించి ఫోనులో బొమ్మ పట్టాం, గట్టినేల మీద పది అడుగులు వెళ్ళడం, పది అడుగులు రావడం. ప్రకటనలో మొదటి ఫొటో మాత్రం అందమైనదే పెట్టమన్నాను. చెవులు లేచినది.

దాని కోసం కుర్రాడు రేకుడబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. గలగల్లాడించాడు. చప్పుడు తేడాగా ఉంది. "అందులో ఏమున్నాయిరా?" అన్నాను. "గులకరాళ్ళండీ. ఉలవలు ఇంట్లో ఉన్నాయి. చప్పుడుకి ఏవైతేనేం?" అన్నాడు.

వెళ్ళి ఉలవలు పోసుకు రమ్మన్నాను. విసుక్కుంటూనే వెళ్ళాడు. ఈలోగా ఎండ ఎక్కింది. వాడు తిరిగి వచ్చి డబ్బా ఊపగానే గుర్రం మెడ ఎత్తింది. రెండు చెవులూ ముందుకు వచ్చాయి. కళ్ళలో వెలుగు పడింది. నొక్కాను.

కొనేవాడి కన్ను ఆగేది ఆ చెవుల దగ్గరే. ఆ చెవులు లేచింది మాత్రం కొనేవాడి కోసం కాదు. మనం ఇస్తామన్నది ఒకటి ఉందని అది నమ్మింది. ఫొటోలో ఉన్న అందమంతా ఆ నమ్మకానిదే.

"ఇప్పుడు పెట్టు" అన్నాను. కుర్రాడు డబ్బా మూత తీసి దోసిట్లో పోసి పట్టుకున్నాడు.

ఈ ముక్క రాసే నాటికి ఆ ఫొటోలు చూసి నలుగురు ఫోను చేశారట. ముగ్గురు సుడి మాట ఎత్తి మానుకున్నారట. నాలుగోవాడు వచ్చే మంగళవారం సంతకు వస్తానన్నాడు. వస్తాడో రాడో చూడాలి.